ఫైల్ వెళ్ళింది సరే, అందిందా?

మా లైన్లో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఎస్‌ఎఫ్‌టీపీలోనే కదండీ పంపేది, ఇంకేం, సెక్యూరే." ఎస్‌ఎఫ్‌టీపీ అంటే ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే దారిలో ఎవరూ చదవలేకుండా మార్చి, ఇంకో కంప్యూటర్‌కి పంపే పద్ధతి. ఆ మాట పడగానే మీటింగ్ అయిపోతుంది, ఆడిట్ షీట్‌లో ఆ వరసకి పచ్చరంగు పడుతుంది, అందరూ తర్వాతి పాయింట్‌కి వెళ్ళిపోతారు. నాకు పేచీ సరిగ్గా అక్కడే. దారి భద్రంగానే ఉంది, ఒప్పుకుంటా. కానీ నేను చూసినంతలో, చదివినంతలో, కంపెనీలు డబ్బులు పోగొట్టుకున్నదీ జనాల వివరాలు బయటపడిందీ దారిలో కాదు, రెండు చివర్ల దగ్గర. ఫైల్ పుట్టిన చోటా, ఫైల్ దిగిన చోటా. దారి మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా ఆ చివర్ల మీద పెట్టం, ఎందుకంటే బజార్లో దొరికే సాఫ్ట్‌వేర్ అంతా దారి కోసమే, చివర్లు మాత్రం ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిందే.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక కంపెనీ కంప్యూటర్ నుంచి ఇంకో కంపెనీ కంప్యూటర్‌కి మనిషి చెయ్యి పడకుండా ఫైల్స్, మెసేజ్‌లు వెళ్ళేలా చెయ్యడం మా పని. జీతాల ఫైల్ బ్యాంకుకి, బ్యాంకు స్టేట్‌మెంట్ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కి, సూపర్‌మార్కెట్ ఆర్డర్ సప్లయర్‌కి, ఆసుపత్రి క్లెయిమ్ ఇన్సూరెన్స్ వాళ్ళకి. దీన్ని బీటూబీ అంటారు, ఈడీఐ అంటారు, అందులో వాడే సాఫ్ట్‌వేర్‌ని మేనేజ్డ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్, పొట్టిగా ఎంఎఫ్‌టీ అంటారు. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఫైల్స్ నడిపే స్టెర్లింగ్ ఇంటిగ్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ మీదో, మెసేజ్‌లు చేరవేసే ఎంక్యూ అనే సాఫ్ట్‌వేర్ మీదో కూర్చుని అమెరికా కంపెనీల ట్రేడింగ్ పార్ట్‌నర్లని, అంటే వాటితో ఫైల్స్ ఇచ్చిపుచ్చుకునే కంపెనీలని, ఆన్‌బోర్డ్ చేసేవాళ్ళు, అంటే కొత్తగా కలిపేవాళ్ళు, రాత్రి షిఫ్టుల్లో ఆగిపోయిన ఫైల్స్‌ని మళ్ళీ తోసేవాళ్ళు మనవాళ్ళు చాలామందే ఉన్నారు. బయట ఎవరికీ పెద్దగా తెలియని ఉద్యోగం, ఇంట్లో వాళ్ళకి చెప్పినా "అంటే ఈమెయిల్ లాంటిదా" అంటారు.

దారి సంగతి ముందు తేల్చేస్తా, అది పాత కథ. నెట్‌వర్క్ మీద ఫైల్స్ పంపే మొదటితరం పద్ధతి ఎఫ్‌టీపీ, దాని మొదటి రూపం రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ ఆయన, ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114 అనే నెట్‌వర్క్ పద్ధతుల పత్రంగా బయటికొచ్చింది. అప్పట్లో నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే, అందుకే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు తీగ మీద వెళ్ళిపోయేది, ఎవరూ తప్పు పట్టలేదు. 1995లో ఫిన్లండ్‌లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ఎవరో కూర్చుని పాస్‌వర్డ్‌లు ఏరుకుంటే, అది చూసి తాతు యులోనెన్ అనే ఆయన రెండు కంప్యూటర్ల మధ్య వెళ్ళేదంతా ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు, తర్వాత దాని మీదే ఎస్‌ఎఫ్‌టీపీ వచ్చింది. 2002లో వాల్‌మార్ట్ తన సప్లయర్లందరూ ఏఎస్2లో, అంటే ఇంటర్నెట్ మీద ఫైల్ పంపి సంతకంతో రసీదు తెచ్చుకునే పద్ధతిలో, రావాలంది, 2005లో ఆ ఏఎస్2 పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 4130గా అచ్చయింది. అంటే 2005 కల్లా దారి సమస్య దాదాపు తీరిపోయింది. ఆ తర్వాత జరిగిన పెద్ద పెద్ద నష్టాల్లో దారిలో ఎవడో ఎన్‌క్రిప్షన్ పగలగొట్టి ఫైల్ లాక్కున్నాడు అనే కేసు ఒక్కటి చెప్పమంటే నాకు గుర్తు రావట్లేదు.

మరి ఏం జరిగింది? మన దేశంలో అందరికీ తెలిసిన పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసే తీసుకోండి. 2018 ఫిబ్రవరి 14న ఆ బ్యాంకు ముంబైలో ఒక బ్రాంచిలో దాదాపు 11,400 కోట్ల మోసం జరిగిందని స్టాక్ ఎక్స్ఛేంజీలకి చెప్పింది, తర్వాత ఆ లెక్క 13 వేల కోట్లు దాటింది. టీవీలో అందరూ నీరవ్ మోదీ గురించి, వజ్రాల గురించి మాట్లాడారు, మా లైన్లో ఉన్నవాళ్ళం మాత్రం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాం: ఆ బ్యాంకులో స్విఫ్ట్‌కీ, అంటే ప్రపంచంలో బ్యాంకులు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే వ్యవస్థకీ, కోర్ బ్యాంకింగ్‌కీ లింకు లేదు. అంటే ఏమిటంటే, మా బ్యాంకు పూచీ ఉంది, ఈ వ్యాపారికి మీరు అప్పివ్వండి అని విదేశాల్లో ఉన్న ఇంకో బ్యాంకు బ్రాంచికి అప్పట్లో స్విఫ్ట్ మెసేజ్ పంపేవారు, దాన్ని లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనేవారు, 2018 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ ఆ పద్ధతి ఆపేసింది. ఆ మెసేజ్ ఒక టెర్మినల్ నుంచి వెళ్ళేది. బ్యాంకు అసలు ఖాతాలుండే కోర్ బ్యాంకింగ్ సిస్టమ్ ఇంకోటి, అందులో ఆ పూచీని ఎవరో కూర్చుని మళ్ళీ ఎంట్రీ చెయ్యాల్సొచ్చేది. ఎంట్రీ చెయ్యకపోతే? చెయ్యకపోతే ఏమీ కాదు, అదే ఘోరం. మెసేజ్ అవతలికి చేరుతుంది, అవతలి బ్యాంకు నమ్మి డబ్బులిస్తుంది, ఇవతలి బ్యాంకు పుస్తకాల్లో మాత్రం అసలు ఏమీ జరగనట్టే ఉంటుంది. 2011 నుంచి ఇలా నడిచిందని దర్యాప్తులో తేలింది.

ఇందులో స్విఫ్ట్ దారి ఎక్కడా ఓడిపోలేదు, గమనించండి. మెసేజ్ నిఖార్సైనదే, సంతకం సరైనదే, దారిలో ఒక్క అక్షరం మారలేదు. సెక్యూరిటీ ఆడిట్ చేస్తే ఆ మెసేజ్‌కి నూటికి నూరు మార్కులు. పోయిందల్లా ఇవతలి చివర, రెండు సిస్టమ్‌ల మధ్య ఒక మనిషి చేతి మీద వదిలేసిన ఆ చిన్న సందులో. రిజర్వ్ బ్యాంక్ ఆ తర్వాత ఒక ప్రకటనలో, స్విఫ్ట్ వాడకం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడు సార్లు బ్యాంకులని హెచ్చరించామంది. 2018 ఏప్రిల్ 30 లోపు స్విఫ్ట్‌ని కోర్ బ్యాంకింగ్‌తో కలపాలని గడువు పెట్టింది, అయినా సరిగ్గా చెయ్యలేదని 2019 మార్చిలో 36 బ్యాంకులకి మొత్తం 71 కోట్లు జరిమానా వేసింది. అంత పెద్ద దెబ్బ తిన్నాక కూడా, గడువు పెట్టాక కూడా 36 బ్యాంకులు! సిస్టమ్ ఇంటిగ్రేషన్ అంటే ఐటీ వాళ్ళ పని అనుకుని పైవాళ్ళు పట్టించుకోకపోతే ఇదే జరుగుతుంది. నా దృష్టిలో అది ఐటీ పని కాదు, ఖజానా కాపలా పని.

అదే 2016లో బంగ్లాదేశ్ బ్యాంక్, అంటే ఆ దేశ కేంద్ర బ్యాంకు, సంగతి ఇంకో రకం. ఫిబ్రవరి 4 గురువారం రాత్రి, వాళ్ళకి శుక్ర శనివారాలు సెలవు కాబట్టి సరిగ్గా చూసుకుని, న్యూయార్క్ ఫెడ్‌లో, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని న్యూయార్క్ బ్యాంకులో, ఉన్న వాళ్ళ ఖాతా నుంచి డబ్బులు పంపమని 35 ఆదేశాలు స్విఫ్ట్‌లో వెళ్ళాయి, మొత్తం 95 కోట్ల డాలర్ల పైమాట. చాలావరకు ఆగిపోయాయి గానీ 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కి వెళ్ళిపోయాయి. దొంగలు చేసిన అసలు పని మెసేజ్ పంపడం కాదు, రసీదు మాయం చెయ్యడం. పంపిన ప్రతి మెసేజ్‌కీ ఫెడ్ నుంచి వచ్చే కన్ఫర్మేషన్‌ని ఆ ఆఫీసులో ఒక ప్రింటర్ దానంతటదే ప్రింట్ తీస్తూ ఉంటుంది, వాళ్ళు పెట్టిన మాల్‌వేర్ ఆ ప్రింటర్‌ని పని చెయ్యనివ్వలేదు, డేటాబేస్‌లో రికార్డులు చెరిపేసింది. శుక్రవారం వచ్చిన ఉద్యోగులు ప్రింటర్ చెడిపోయిందనుకున్నారు. ప్రింటర్ మామూలుగా కూడా మొరాయిస్తుంది కదా, ఎవరికైనా అదే తడుతుంది. దొంగకి తెలుసు, ఈ వ్యవస్థలో విలువైన కాగితం ఆదేశం కాదు, దానికి తిరిగొచ్చే రసీదు అని. మనకి మాత్రం తెలియదు, మన ప్రాజెక్ట్ ప్లాన్లలో రసీదులు ఎప్పుడూ "ఫేజ్ టూ".

రసీదు అంటున్నా కదా, అది ఒక్కటి కాదు, అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది, ఇక్కడే చాలామంది కొత్తవాళ్ళు తికమక పడతారు. ఏఎస్2లో మీరు ఫైల్ పంపితే అవతలి సర్వర్ ఎండీఎన్ అని ఒకటి తిరిగి పంపుతుంది, దాని మీద వాళ్ళ డిజిటల్ సంతకం ఉంటుంది, మీరు పంపిన ఫైల్ తాలూకు హ్యాష్, అంటే ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య, ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టుకి వెనక్కొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు లాంటిది, సంతకం పెట్టి తీసుకున్నారనడానికి సాక్ష్యం, కవరు విప్పి చదివారనడానికి కాదు. చదివారనడానికి ఈడీఐలో 997 అనే ఇంకో డాక్యుమెంట్ ఉంది, అది కూడా "నీ ఫైల్ గ్రామర్ సరిగ్గా ఉంది, నా సిస్టమ్ దాన్ని విప్పగలిగింది" అని మాత్రమే చెప్తుంది. ఆర్డర్‌కి ఒప్పుకున్నాం, ఈ తేదీకి ఇంత సరుకు పంపుతాం అనేది 855. కాబట్టి ఎండీఎన్ వచ్చింది కదా అని ఆర్డర్ ఖాయమైందనుకుంటే పొరపాటే, 997 వచ్చినా పొరపాటే. మూడూ రావాలి, మూడూ ఎంత టైములో రావాలో ముందే అనుకోవాలి, ఆ టైము దాటితే ఎవరిని లేపాలో రాసి ఉండాలి. చాలా ప్రాజెక్టుల్లో మొదటిది పెడతారు, రెండోది తీసుకుని ఎక్కడో ఒక ఫోల్డర్‌లో పడేస్తారు, మూడోది అడగరు.

ఎస్‌ఎఫ్‌టీపీలో అయితే ఇంకా అన్యాయం, అక్కడ రసీదు అనేదే లేదు. ఫైల్ పెట్టేసి వస్తారు, అంతే. నేను దగ్గర్నుంచి చూసిన ఒక సంగతి చెప్తా, కంపెనీ పేరు అనవసరం. ఒక సంస్థ జీతాల ఫైల్‌ని చెల్లింపులు చేసే వాళ్ళ సర్వర్‌లో పెడుతుంది, అవతలి ప్రోగ్రామ్ నిమిషానికోసారి ఫోల్డర్ చూసి కొత్త ఫైల్ కనపడగానే తీసుకుంటుంది. చాలా నెలలు బానే నడిచింది. ఒక నెలాఖరున నెట్‌వర్క్ నెమ్మదించి ఫైల్ ఎక్కడానికి నిమిషం దాటింది, అవతలి ప్రోగ్రామ్ వచ్చి చూసేసరికి ఫైల్ పేరు కనపడుతోంది, లోపల సగమే ఉంది, ఆ సగాన్నే తీసుకెళ్ళిపోయింది. తీసుకెళ్ళిన ప్రతి వరసా సరిగ్గానే ఉంది కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఇవతలేమో అప్‌లోడ్ సక్సెస్, అవతలేమో ప్రాసెస్ సక్సెస్, రెండు వైపుల లాగ్ రికార్డుల్లోనూ ఆకుపచ్చే. సగం మందికి జీతాలు పడ్డాయి, సగం మందికి పడలేదు, విషయం మొదట తెలిసింది ఐటీ వాళ్ళకి కాదు, ఈఎంఐ బౌన్స్ అయిందని మెసేజ్ వచ్చిన ఒక ఉద్యోగికి. ఆయన హెచ్ఆర్‌కి ఫోన్ చేస్తే అప్పుడు మొదలైంది వెతుకులాట.

దీనికి మందు ఖరీదైంది కూడా కాదు. ఫైల్‌ని ముందు డాట్ టీఎంపీ అనే పేరుతో ఎక్కించి, పూర్తిగా ఎక్కాక అసలు పేరుకి మార్చాలి, పేరు మార్చడం అనేది ఒక్క దెబ్బలో అయిపోయే పని, సగం పేరు మారడం అంటూ ఉండదు. ఫైల్ చివర ఒక ట్రెయిలర్ వరస పెట్టి అందులో మొత్తం ఎన్ని వరసలు, మొత్తం ఎంత సొమ్ము అని రాయాలి, అవతలివాళ్ళు లెక్క సరిపోతేనే ముట్టుకోవాలి. తీసుకున్నాక ఇన్ని అందాయి, ఇన్ని చెల్లించాం, ఇన్ని తిరస్కరించాం అని ఒక చిన్న ఫైల్ వెనక్కి పెట్టాలి. ఇవి మెయిన్‌ఫ్రేమ్‌ల కాలం నుంచీ ఉన్న పద్ధతులు, మా సీనియర్లకి కంఠతా వచ్చు. లక్షలు పోసి కొన్న ఎంఎఫ్‌టీ సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ మూడూ పెట్టకపోతే అది సగం ఫైల్‌ని అత్యంత భద్రంగా చేరవేస్తుంది.

బాగా కట్టిన వ్యవస్థ ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, మన నెఫ్ట్ చూడండి. దాని అడుగున నడిచే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ అనే మెసేజింగ్ వ్యవస్థ హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గరున్న ఐడీఆర్‌బీటీలో, అంటే రిజర్వ్ బ్యాంక్ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థలో, పుట్టింది, 2001 డిసెంబర్‌లో మొదలైంది, దేశంలో బ్యాంకుల మధ్య మెసేజ్‌లకి మనదైన స్విఫ్ట్ అనుకోవచ్చు. మనం చెక్కు బుక్కు మీద చూసే ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఆ మెసేజ్ ఏ బ్రాంచికి వెళ్ళాలో చెప్పే అడ్రస్. 2005లో నెఫ్ట్ వచ్చినా, 2010లో రిజర్వ్ బ్యాంక్ ఒక మంచి పని చేసింది, డబ్బు పంపిన వాడికి "మీ సొమ్ము ఫలానా టైముకి అవతలి ఖాతాలో జమ అయింది" అని తిరుగు కబురు రావాలంది. అవతలి బ్యాంకు జమ చేసి కన్ఫర్మేషన్ మెసేజ్ వెనక్కి పంపాలి, జమ చెయ్యలేకపోతే బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోపు డబ్బు తిప్పి పంపాలి. చూడండి ఎంత పద్ధతిగా ఉందో, డబ్బు అయితే జమ కావాలి లేదా వెనక్కి రావాలి, మధ్యలో ఎక్కడో తేలుతూ ఉండే వీల్లేదు, దేనికైనా గడువుంది. మా ఊళ్ళో చిన్న వ్యాపారి కూడా ఫోన్ చూసుకుని "జమైందని మెసేజ్ వచ్చింది" అంటాడు. ఆ మాత్రం రసీదు కోట్ల రూపాయల ఆర్డర్లు నడిపే కంపెనీల మధ్య ఉండకపోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ కూడా అంతే, పోర్టల్ నుంచి ఐఆర్‌ఎన్ అనే ఇన్వాయిస్ రెఫరెన్స్ నంబర్ తిరిగొస్తేనే అది ఇన్వాయిస్, రాకపోతే కాదు, దాంతో టాలీ మీద కూర్చునే అకౌంటెంట్‌కి రసీదు విలువ బాగా తెలిసొచ్చింది.

ఇప్పటిదాకా అందకపోవడం గురించి చెప్పా. అందిన తర్వాత ఏమవుతుందనేది ఇంకో సగం, నాకు ఎక్కువ భయం దీని గురించే.

2023 మే నెలాఖరు, అమెరికాలో మెమోరియల్ డే లాంగ్ వీకెండ్. క్లాప్ అనే ముఠా మూవ్‌ఇట్ ట్రాన్స్‌ఫర్ అనే ఎంఎఫ్‌టీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ తెలియని ఒక లోపం పట్టుకుంది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే వెబ్ పేజీ గుండా డేటాబేస్‌కి దొంగ ఆదేశాలు ఎక్కించడం, వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళకి మొదట్లోనే చెప్పే రకం లోపం. దాంతో సర్వర్లలోకి దూరి హ్యూమన్2 అనే పేరుతో ఒక చిన్న పేజీ పెట్టి, అక్కడున్న ఫైల్స్ దించుకుపోయారు. ఏ కంప్యూటర్నీ లాక్ చెయ్యలేదు, ఏ పనీ ఆపలేదు, ఫైల్స్ తీసుకెళ్ళి డబ్బులివ్వకపోతే బయట పెడతామన్నారు, అంతే. ఎంసిసాఫ్ట్ అనే సంస్థ వేసిన లెక్కలో 2,700కి పైగా సంస్థలు, 9 కోట్లకి పైగా మనుషుల వివరాలు. బ్రిటన్‌లో బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్, బూట్స్ ఉద్యోగుల వివరాలు పోయింది వాళ్ళ సర్వర్ల నుంచి కాదు, వాళ్ళ జీతాల పని చూసే జెల్లిస్ అనే కంపెనీ ద్వారా. తన వివరాలు మూవ్‌ఇట్ అనే చోట ఉన్నాయని బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో పనిచేసే అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 2020 డిసెంబర్‌లో అక్సెలియన్ వాళ్ళ పాత ఎఫ్‌టీఏ, 2023 జనవరిలో గోఎనీవేర్, 2024 డిసెంబర్‌లో క్లియో, అన్నీ ఫైల్స్ భద్రంగా పంపడానికి కొన్న సాఫ్ట్‌వేర్లే. దొంగలు వీటి వెనకే ఎందుకు పడుతున్నారంటే అన్ని కంపెనీల ముఖ్యమైన ఫైల్స్ ఒకే చోట పోగై ఉంటాయి, పైగా పార్ట్‌నర్లు వచ్చి తీసుకోవాలి కాబట్టి ఆ సర్వర్ ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడి ఉంటుంది, పైగా సెలవు రోజున పని కానిస్తే చూసే దిక్కుండదు. లోపం లేని సాఫ్ట్‌వేర్ ఎవరూ రాయలేరు, ఆ విషయంలో ఆ కంపెనీలని తిట్టడం నా ఉద్దేశం కాదు. నేనడిగేది వేరే: ఆ రోజు ఆ సర్వర్లలో అన్నన్ని ఫైల్స్ ఎందుకున్నాయి? పంపే సర్వర్ పని పంపడం. అవతలివాళ్ళు తీసుకున్నాక ఆ ఫైల్‌కి అక్కడ ఏం పని?

నేను ఏ ఆఫీసుకి వెళ్ళినా మొదట ఆర్కైవ్ ఫోల్డర్, అంటే పంపేసిన పాత ఫైల్స్ ఉంచే చోటు, తెరుస్తా. ఏళ్ళ తరబడి జీతాల ఫైల్స్ వరసగా పడి ఉంటాయి, పేరు, పాన్, అకౌంట్ నంబర్, జీతం, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళవి కూడా. ఎందుకుంచారంటే "ఎప్పుడైనా మళ్ళీ పంపాల్సొస్తే" అంటారు. మళ్ళీ పంపాలంటే పుట్టిన చోటి నుంచి మళ్ళీ తీసుకోవచ్చు, లేదా లోపలి నెట్‌వర్క్‌లో దాచుకోవచ్చు, ఇంటర్నెట్ గుమ్మంలో ఎందుకు? అవతలివాళ్ళు తీసుకున్నారన్న రసీదు రాగానే చెరిపెయ్యాలి, రాకపోతే రెండు మూడు రోజులు ఆగి అడిగి చెరిపెయ్యాలి. రసీదు లేని చోట చెరిపే ధైర్యం ఎవరికీ రాదు, అందుకే ఫోల్డర్లు పేరుకుపోతాయి, అంటే పైన చెప్పిన సగం, ఇప్పుడు చెప్పే సగం నిజానికి ఒకటే రోగం.

ఇక్కడ ఇంకొకరు అడ్డొస్తారు, "డిస్క్ మీద ఎన్‌క్రిప్ట్ చేసే ఉంటాయి కదా" అని. మూవ్‌ఇట్‌లో కూడా చేసే ఉన్నాయండీ. కానీ అడిగిన యూజర్‌కి ఫైల్ విప్పి ఇవ్వాలి కాబట్టి తాళం కూడా ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఉంటుంది, దొంగ ఆ సాఫ్ట్‌వేర్ లోపలికే వచ్చి కూర్చుంటే అదే విప్పి చేతికిస్తుంది. దానికి విరుగుడు ఫైల్‌ని పుట్టిన చోటే పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో మూసేసి, మూసిన ఫైల్‌నే సర్వర్‌కి ఎక్కించడం, తాళం అవతలివాళ్ళ లోపలి సిస్టమ్‌లో మాత్రమే ఉండడం. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ ఇచ్చిన పీజీపీ, కొత్త వింతేమీ కాదు. అప్పుడు మధ్యలో సర్వర్‌ని మొత్తం ఎత్తుకుపోయినా చేతికి చెత్తే వస్తుంది. "ఎస్‌ఎఫ్‌టీపీ ఉంది కదా పీజీపీ కూడా ఎందుకు, డబుల్ పని" అని ప్రతి ప్రాజెక్టులోనూ ఎవరో ఒకరు అంటారు, ఎస్‌ఎఫ్‌టీపీ దారికి, పీజీపీ చివర్లకి, రెండూ వేరు.

మిగతా చిన్న చిన్నవి గబగబా చెప్తా, ఒక్కోటీ విడిగా చూస్తే చిన్నదే గానీ. ఎవరికీ ఇవ్వకూడని ప్రైవేట్ కీని, అంటే రహస్య తాళాన్ని, జిప్ చేసి మెయిల్‌లో పంపి పాస్‌వర్డ్ తర్వాతి మెయిల్‌లో పంపడం, అందరికీ ఇవ్వగలిగే పబ్లిక్ కీ ఇవ్వండి చాలు అంటే ఏది ఏదో తెలియక రెండూ పంపడం, సర్వర్‌ని గుర్తుపట్టే హోస్ట్ కీ మారిందని హెచ్చరిక వస్తే ఫోన్ చేసి కనుక్కోకుండా ఆ చెకింగే ఆపేసి స్క్రిప్ట్ నడిపించడం, మూడేళ్ళ క్రితం వెళ్ళిపోయిన కాంట్రాక్టర్ కీ ఇంకా పని చెయ్యడం, పది మంది పార్ట్‌నర్లకి ఒకే యూజర్ ఐడీ. సర్టిఫికెట్ల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించాలి, ఒక సర్వర్ అసలుదేనని రుజువు చేసే పబ్లిక్ టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల గడువు 2026 మార్చి నుంచి 200 రోజులకి, 2027లో 100 రోజులకి, 2029 మార్చికి 47 రోజులకి తగ్గించాలని సర్టిఫికెట్లిచ్చే వాళ్ళు, బ్రౌజర్ల వాళ్ళు కలిసి తీర్మానించారు. ఏడాదికోసారి వంద మంది పార్ట్‌నర్లకి మెయిల్ పెట్టి "కొత్త సర్టిఫికెట్ లోడ్ చేసుకోండి ప్లీజ్" అని బతిమాలే పద్ధతి నెలా నెలన్నరకోసారి అంటే నడవదు.

"ఇంకా ఫైల్స్ ఏంటండీ, అన్నీ ఏపీఐలు అయిపోతుంటే" అనేవాళ్ళకి కూడా ఒక మాట. ఏపీఐలు, అంటే ఫైల్ లేకుండా ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని నేరుగా అడిగి జవాబు తెచ్చుకునే దారులు, మంచివే, నేనూ కడుతున్నా. కానీ జీతాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈఎంఐల లాంటివి ఖాతా నుంచి వాటంతటవే కట్ అయ్యే నాచ్ డెబిట్లు ఇవన్నీ కట్టలు కట్టలుగానే నడుస్తాయి, ఇంకా చాలా కాలం నడుస్తాయి. పైగా ఏపీఐ వచ్చినంత మాత్రాన చివర్ల సమస్య పోదు, వేషం మారుస్తుంది. చెల్లింపు కాల్ పంపారు, జవాబు రాకుండా టైమవుట్ అయింది, డబ్బు వెళ్ళిందా లేదా? వెళ్ళలేదనుకుని మళ్ళీ పంపితే రెండుసార్లు పడుతుంది, వెళ్ళిందనుకుని ఊరుకుంటే అసలు పడదు. ప్రతి కాల్‌కీ మారని రెఫరెన్స్ నంబర్ ఒకటి పెట్టి, అదే నంబర్ మళ్ళీ వస్తే రెండోసారి చెల్లించకుండా పాత జవాబే ఇచ్చేలా అవతలి చివర కట్టుకోవాలి. ఎంక్యూ అయితే మెసేజ్ పోకుండా, రెండుసార్లు రాకుండా చేర్చడానికే కట్టింది, 1993 నుంచీ ఆ పని నమ్మకంగా చేస్తోంది. కానీ చేర్చలేని మెసేజ్‌ని అది డెడ్ లెటర్ క్యూలో పెడుతుంది, ఆ క్యూ ఎవరు చూస్తారు? చాలా చోట్ల ఎవరూ చూడరు. మెసేజ్ భద్రంగా, ఒక్క అక్షరం చెదరకుండా అక్కడ కూర్చుని ఉంటుంది, దాని కోసం ఎదురుచూసే మనిషి ఇంకో దేశంలో కూర్చుని ఉంటాడు.

అందుకే నేను చివరికి మనుషుల దగ్గరికే వస్తా. ఫెయిలైన ఫైల్‌కి అలర్ట్ వస్తుంది, అసలు రాని ఫైల్‌కి అలర్ట్ రాదు, ఎందుకంటే ఫెయిలవ్వడానికి అక్కడ ఏమీ లేదు. రోజూ రాత్రి రెండింటికి రావాల్సిన ఫైల్ రాలేదని గుర్తుపట్టేది చాలా చోట్ల షిఫ్టులో ఉన్న కుర్రాడు, అదీ అతనికి అలవాటు మీద తెలుసు కాబట్టి. అతనికి ఆ ఫైల్ దేనికి సంబంధించిందో ఎవరూ చెప్పి ఉండరు, అవతలి కంపెనీలో ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబర్ ఉండదు, ఫోన్ చేసే అధికారం కూడా ఉండదు, టికెట్ రాసి మెయిల్ పెట్టి తెల్లారేదాకా ఎదురుచూడాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్ రికార్డులు 180 రోజులు ఉంచాలి, డేటా రక్షణ చట్టంలో తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది. అంత బరువు ఆ కుర్రాడి మొదటి గంట మీద ఆధారపడి ఉంటే, మనం అతన్ని లెవెల్ వన్ అని పిలిచి అందరికంటే తక్కువ జీతం, అందరికంటే తక్కువ సమాచారం ఇస్తాం. ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

పార్ట్‌నర్ ఆన్‌బోర్డింగ్ షీట్‌లో ఐపీ, పోర్ట్, యూజర్ ఐడీ, కీ, ఫోల్డర్ పేరు అన్నిటికీ గళ్ళుంటాయి. దానికి ఇంకో నాలుగు గళ్ళు చేర్చమని నేను ఈ మధ్య ఎక్కడికెళ్ళినా అడుగుతున్నా: ఈ ఫైల్ ఎన్నింటికల్లా రావాలి, అందిందనీ సరిపోయిందనీ రసీదు ఏ రూపంలో తిరిగొస్తుంది, రసీదొచ్చాక ఎన్ని రోజులకి చెరిపేస్తాం, రాకపోతే రాత్రి రెండింటికి రెండు వైపులా ఎవరి ఫోన్ మోగాలి. ఆ గళ్ళు ఖాళీగా ఉన్నంతకాలం ఆ పార్ట్‌నర్‌ని ప్రొడక్షన్‌లోకి, అంటే అసలు పనిలోకి, ఎక్కించను, గో లైవ్, అంటే పని మొదలయ్యే రోజు, వారం వెనక్కి జరిగినా సరే, దాని మీద ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తా.